మనకు మనము వ్రాసికొను పట్టిక

మనుష్యుని జీవితములో ఇతరులు వ్రాసి యిచ్చు పట్టికలకు కొదువ లేదు. బాలుడు బడిలో చేరిన దినముననే హాజరుపట్టికలో అతని పేరు చేరును. పిమ్మట కాలపట్టిక వచ్చి ఏ గంటకు ఏ పాఠమో చెప్పును. పాఠ్యప్రణాళిక వచ్చి ఏ నెలకు ఎన్ని పాఠములో చెప్పును. పరీక్షల పట్టిక, మార్కుల పట్టిక, ర్యాంకుల పట్టిక ఒకదాని వెంట నొకటి వచ్చుచునే యుండును. ఉద్యోగములో చేరినవానికి జీతముల పట్టికయు, గృహస్థునకు పచారీ సరకుల పట్టికయు తప్పవు. ఇవి యన్నియు అవసరములే. వీనిని నిందించుట నా యుద్దేశము కాదు. ముప్పది యేండ్లకు పైగా బడిలో పనిచేసినవాడు కాలపట్టికను నిందించినచో గంట కొట్టు బంట్రోతు కూడ నవ్వును. అయితే ఇన్ని పట్టికలలో ఒక్కటియైనను మనకు మనము వ్రాసికొన్నది కాదు. నా మనస్సునకు వెలితిగా తోచునది అదియే.

ఎనిమిదవ తరగతి పిల్లలను, "మీరు పెద్దవారైన పిదప ఏమి కాదలచితిరి?" అని యడిగినచో ఉత్తరము తడవు లేకుండ వచ్చును. వైద్యుడు, ఇంజనీరు, కలెక్టరు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి — ఈ నాలుగు మాటలతో తరగతిలో ముప్పాతిక వంతు ముగియును. ఆ పిల్లలనే, "మీ జీవితములో ఏమేమి నేర్చుకొనదలచితిరి? ఏమేమి చూడదలచితిరి? మీ చేతులతో ఏమి చేయదలచితిరి?" అని యడిగినచో తరగతి నిశ్శబ్దమగును. కొందరు ప్రక్కవాని ముఖము చూతురు. ఒకరిద్దరు, "ఇది పరీక్షలో వచ్చునా అండీ?" అని యడుగుదురు. మొదటి ప్రశ్నకు ఉత్తరమును ఇంటనున్న పెద్దలు ఏనాడో చెప్పియుందురు గనుక అది నాలుక చివర సిద్ధముగా నుండును. రెండవదానికి ఉత్తరము చెప్పి యిచ్చువారు లేరు. పిల్లవాడే దానిని వెదకుకొని కాగితముపై వ్రాసికొనవలయును. పదుమూడు, పదునాలుగేండ్ల ప్రాయమే అందులకు తగిన కాలమని నా యభిప్రాయము. "పదవ తరగతి కానిమ్ము, ఇంటరు కానిమ్ము, ఉద్యోగము రానిమ్ము" అని దానిని వాయిదా వేయుట నేడు మన యిండ్లలో వాడుకయైనది. ఆ వాయిదా తగదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అమెరికా దేశములో లాస్ ఏంజిల్స్ నగరమున జాన్ గాడర్డ్ అను బాలుడుండెను. అతడు 1924లో జన్మించెను. తన చుట్టునున్న పెద్దలు, "చిన్ననాడే ఆ పని చేసియుండిన ఎంత బాగుండెడిది!" అని వాపోవుట అతడు పలుమారులు వినెను. తాను పెద్దవాడై అట్లు వాపోవరాదని తలచి, 1940లో, తన పదునైదవ యేట, జీవితములో చేయదలచిన పనులను ఒక్కటొక్కటిగా కాగితముపై పెట్టెను. వ్రాసి ముగించునప్పటికి అవి 127 అయినవి. నైలు, అమెజాను, కాంగో నదులను శోధించుట అందులో నున్నది. ఎవరెస్టు శిఖరము నెక్కుట యున్నది. మన తాజమహలును చూచుట యున్నది. చంద్రమండలమునకు పోవుట కూడ నున్నది! ఆనాటికి ఎవరెస్టు శిఖరముపై ఎవరును నిలిచి యెరుగరు. చంద్రునిపై మనుష్యుడు కాలు మోపుటకు ఇంకను 29 యేండ్ల కాలమున్నది.

ఇంత పెద్ద మాటలు వ్రాసిన బాలురు లోకములో ఇంకను ఉందురు. నన్నాకర్షించినవి ఆ పెద్ద మాటల నడుమ ఒదిగి కూర్చున్న చిన్న మాటలు. నిమిషమునకు 50 మాటలు టైపు చేయగలుగుట, వేణువును వయొలిన్‌ను వాయించుట, డెన్మార్కులో తన తాతగారు పుట్టిన ఊరును చూచి వచ్చుట — ఇట్టివి ఆ పట్టికలో ఎన్నో కలవు. చంద్రమండలమునకు పోవుటకు పదునైదేండ్ల బాలుడు ఆ సాయంకాలమున చేయగలిగినదేమియు లేదు. టైపు నేర్చుకొనుటకు మాత్రము మరునాడే యంత్రము ముందు కూర్చుండవచ్చును. గాడర్డ్ అట్టి చిన్న పనుల నుండి ఒక్కొక్క మెట్టెక్కెను. 1950లో ఇద్దరు ఫ్రెంచి మిత్రులతో గూడి, చిన్న చిన్న తెడ్ల పడవలలో నైలు నదిపై బయలుదేరి, 4,000 మైళ్లకు పైగా ప్రయాణము చేసి, 1951లో మధ్యధరా సముద్రమును చేరెను. ఆ నది మొదటి నుండి తుదివరకు పడవపై సాగిన తొలి యాత్ర అదియేనని ప్రసిద్ధి. అతడు 2013లో తన 88వ యేట మరణించునప్పటికి ఆ పట్టికలో నూరింటికి మించి పూర్తియైనవి. ఎవరెస్టు నెక్కలేదు. చంద్రునిపైకి పోలేదు. అందుచేత అతని జీవితము కొరవడినదని ఎవరనగలరు? పట్టిక న్యాయస్థానము కాదు, పూర్తికాని పనికి శిక్ష వేయుటకు.

అయినను 127 పనులు చాల యెక్కువ. మన పిల్లలకు ఏడెనిమిది చాలును. వంటింటి అలమరలో డబ్బాలు ఎక్కువైనకొలది పురుగు పట్టునవియు ఎక్కువగును గదా.

పట్టిక వ్రాయుట సులభము. దానిని దినదినమును వెంబడించుట కష్టము. ఈ విషయములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. అచ్చు పనివాడై జీవితమును ప్రారంభించి, పిడుగును గాలిపటముతో పరీక్షించి, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన ఆ మహనీయుడు యౌవనములో పదుమూడు సుగుణములను ఏర్పరచుకొనెను. మితాహారము, మితభాషణము, వస్తువులను క్రమముగా నుంచుకొనుట మున్నగునవి అందులోనివి. ఆయన ఒక చిన్న పుస్తకమును కుట్టుకొని, ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క పుట కేటాయించి, దానిపై వారమునకు ఏడు గడులు గీసికొనెను. రాత్రి పరుండబోవునపుడు ఆ దినము తాను తప్పిన చోట ఒక నల్లని చుక్క పెట్టెడివాడు. వారమున కొక్క గుణముపై మాత్రమే ప్రత్యేక శ్రద్ధ. పదుమూడు వారములకు ఒక ఆవృత్తి ముగియును. సంవత్సరమునకు సరిగా నాలుగు ఆవృత్తులు. లెక్క ఎంత ముచ్చటగా కుదిరినదో చూడుడు! అయితే వస్తువులను క్రమముగా నుంచుకొను గుణము ఆయనకు తుదివరకు పట్టుపడలేదు. ఆ సంగతిని స్వీయచరిత్రలో ఆయనయే వ్రాసికొనెను. మన యింట పుస్తకముల సంచిని గడపలో పారవైచు బాలురకు ఇది కొంత ఊరట కలిగింపవచ్చును.

ఫ్రాంక్లిన్ భాషలు నేర్చిన తీరు ఇంతకంటెను వినోదకరము. ఆయనకు చదరంగమునందు మిక్కుటమైన ప్రీతి. ఇటాలియను భాష నేర్చుకొనుచున్న మిత్రుడొకడు ఆయనతో తరచుగా చదరంగమాడెడివాడు. ఆట వలన చదువునకు కాలము చాలకుండుట చూచి ఇద్దరును ఒక ఒప్పందము చేసికొనిరి. ఆటలో గెలిచినవాడు ఓడినవానికి ఇటాలియను వ్యాకరణములోనో అనువాదములోనో ఒక పని పెట్టవలయును. తరువాతి ఆటకు ముందుగా ఓడినవాడు దానిని పూర్తి చేసి తీరవలయును. ఆటగాండ్రు ఇద్దరును సమానులగుటచే ఓటములును సమానముగనే పంచుకొనబడినవి. ఇద్దరికిని ఇటాలియను భాష వచ్చెను. ఆట చదువును చెరుచునని గట్టిగా నమ్మిన తల్లిదండ్రులు ఈ వృత్తాంతమును ఒకమారు తలపోయుదురుగాక.

ఇతరులకు చూపుటకై వ్రాసికొన్న పట్టిక ఏమగునో తెలియవలెనన్న మహాత్ముని చరిత్రము చూడవలయును. గాంధిమహాత్ముడు 1888లో న్యాయవాద విద్యకై లండను నగరమునకు పోయెను. అక్కడి నాగరకుల వలె కనబడవలెనను తలంపుతో కొంతకాలము నాట్యము, వయొలిన్ వాద్యము, ఫ్రెంచిభాష, ఉపన్యాసకళ నేర్చుకొన మొదలుపెట్టెను. నాట్యమునకు మూడు పౌనులు కట్టెను. పియానో వాద్యమునకు తగినట్లు అడుగు పడలేదు. వయొలిన్ విన్నచో చెవికి తాళజ్ఞానము కలుగునని మూడు పౌనులు పెట్టి దానిని కొనెను. నేర్పువారికి మరికొంత రుసుము ఇచ్చెను. సుమారు మూడు నెలలలోనే, తాను ఇంగ్లండులో జీవితాంతము ఉండబోవువాడు కాడనియు, ఈ విద్యలు తనవి కావనియు గ్రహించి, వయొలిన్‌ను అమ్మివేయుమని ఆ వాద్యము నేర్పు ఉపాధ్యాయినినే కోరెను. ఆయన అంతటితో క్రొత్తవి నేర్చుకొనుట మానెనా? లేదు. దక్షిణాఫ్రికాలో నుండగా చెప్పులు కుట్టుట నేర్చెను. ఇంచుమించు ఏబదియేండ్ల ప్రాయమున రాట్నము ముందు కూర్చుండి నూలు వడకుట నేర్చెను. వయొలిన్ మూడు నెలలలో పోయినది. రాట్నము తుదివరకు నిలిచినది. మొదటిది ఇతరుల కన్నులకొరకు, రెండవది తాను నమ్మిన పని కొరకు. పట్టికలో ఒక పని వ్రాయుటకు ముందు, "దీనిని నేను చేసినట్లు ఒక్కరికిని తెలియకపోయినను చేయుదునా?" అని ప్రశ్నించుకొనుట మంచిది. సెల్‌ఫోనులో ఎవరో చూపిన కొండపై నిలిచి తాను కూడ ఫొటో తీసికొనవలెనను కోరిక చాలమారులు ఈ ప్రశ్నకు నిలువదు. నిలువని దానిని కొట్టివేయుటకు సంకోచింప నక్కరలేదు.

ఈ మహనీయులందరు దూరదేశములవారు, లేదా దూరదేశములకు పోగలిగినవారు. మన పల్లెలలో ఇట్టి వ్యాసంగములకు అవకాశమెక్కడిదని కొంద రడుగవచ్చును. వారికి నేను పర్లాకిమిడి బడిపంతులును చూపుదును.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని కోల్పోయి, చదువు సాగింప వీలు లేక, పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఉపాధ్యాయుడు తన పాఠములు చెప్పుకొని, జీతము పుచ్చుకొని, సాయంకాలము వీధి అరుగుపై కూర్చుండినను కాదనువారెవరు? పంతులుగారు సెలవులలో ముఖలింగ దేవాలయమునకు పోయి, గోడలపై చెక్కియున్న శాసనముల ముందు నిలిచి, ప్రాచీన లిపిని తమకు తామే కూడబలుకుకొని చదువ నేర్చిరి. ఇది మొదటి వ్యాసంగము.

రెండవది ఇంకను విశేషమైనది. ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసింతురు. వారు సంతకు వచ్చుచుందురు. వారి భాష బల్లపరుపు నేలవారికి తెలియదు. తెలియకపోవుట చేత వారిని మోసగించుట సులభమగుచుండెను. పంతులుగారు ఆ భాష నేర్చుకొనదలచిరి. నేర్పుటకు పుస్తకము లేదు, బడి లేదు, ఆనాటికి ఆ భాషకు స్వంత లిపియు లేదు. తెలుగు వచ్చిన సవరనొకనిని ఇంట నుంచుకొని, అతని నోటి నుండి ఒక్కొక్క మాటను వినుచు, తెలుగు లిపిలో వ్రాసికొనుచు పోయిరి. తాము కొండలకు పోయి, వారి నడుమ తిరిగిరి. అడవి జ్వరము తగిలి, దానికై వాడిన మందు వలన వారి వినికిడి దెబ్బతిన్నదని చెప్పుదురు. అయినను పని విడువలేదు. సవర పిల్లల కొరకు వాచకములు వ్రాసిరి; బడులు పెట్టించిరి. ప్రభుత్వము ఆ పుస్తకములకు ప్రతిఫలమీయ బోగా, ఆ సొమ్మును తమకు వలదనియు, సవరలకు బడి పెట్టుటకు వినియోగింపుడనియు కోరిరి. వారి సవర భాషా వ్యాకరణము 1931లో వెలువడెను. నిఘంటువు 1938లో వచ్చెను. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు. 1940లో వారు స్వర్గస్థులైరి.

వాడుకభాషా ఉద్యమమునకు నాయకులుగా పంతులుగారు తెలుగువారందరికి తెలియుదురు. వారి జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నాము. వారిని గూర్చి ఈ "ఉండెను, చేసెను" భాషలో వ్రాయుచున్నందుకు వారు నన్ను చూచి నవ్వియుందురు. నా చదువు నాటి అలవాటిది, విడువలేకున్నాను. వారి సవర భాషాసేవయే నాకు ముఖ్యముగా తోచును. దానిని చేయుమని ఏ అధికారియు ఉత్తరువు వేయలేదు. దానికి ఏ పాఠ్యప్రణాళికయు లేదు. తమ పట్టికను తామే వ్రాసికొని, సుమారు నలుబది యేండ్లు దానిని చేసిరి.

ఇక తల్లిదండ్రుల మాటకు వత్తును. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. తండ్రి ఆటో నడిపి, తల్లి కుట్టుపని చేసి, ఫీజు కట్టి పిల్లవానిని చదివించు ఇంటిలో, "ముందు చదువు, తరువాతనే తక్కినవి" అనుట ఆశ వలన పుట్టిన మాట; కాఠిన్యము వలన పుట్టినది కాదు. ఒక్క ఉద్యోగము ఆ యింటి గతిని మార్చగలదు. కావుననే మన రెండు రాష్ట్రములలోను ఆరవ, ఏడవ తరగతి నుండియే ఐ.ఐ.టి. ప్రవేశమునకు పునాది అని చెప్పి శిక్షణ నిచ్చు బడులు వెలసినవి. ఉదయము తెల్లవారకముందే లేచి, రాత్రి చాల ప్రొద్దుపోవు వరకు చదువు బాలబాలికలను నేనెరుగుదును. వారు సోమరులు కారు. వారి దినములో తమదని చెప్పుకొనుటకు ఒక్క అరగంట లేదు, అంతే.

నేను చదువు మానుమనలేదు. అరగంట అడుగుచున్నాను. దినమునకు అరగంట చొప్పున సంవత్సరమునకు 182 గంటలగును. బడి సంవత్సరమునకు 220 దినములు పనిచేయుననుకొనినను, దినమునకొక పీరియడు చొప్పున ఒక విషయమునకు ఇంత కాలము లభింపదు. అనగా అరగంటను విడువక పట్టుకొన్నవాడు ప్రతి యేట ఒక క్రొత్త విషయమును బడిలో నేర్చినంత నేర్వగలడు. ఐదేండ్లకు లెక్క మీరే వేసికొనుడు.

లెక్క కంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ర్యాంకుల పట్టిక ఒక్కటే చేతిలో నున్న పిల్లవానికి, అందులో తన పేరు లేని దినమున లోకములో ఇంకేమియు మిగిలినట్లు తోచదు. ప్రతి సంవత్సరము ఫలితములు వచ్చిన దినములలో కొన్ని యిండ్లలో జరుగు ఘోరములు మనకు తెలియనివి కావు. వానికి కారణములు పెక్కు. వ్యాసంగము వానికన్నిటికి మందని చెప్పువాడను కాను. అయినను ఈత వచ్చినవాడు, పది పక్షులను కూతను బట్టి గుర్తింపగలవాడు, అమ్మమ్మ పాడిన నాట్ల పాటలను పుస్తకములో వ్రాసి పెట్టుకొన్నవాడు, తనను తాను ఒక్క అంకెతోనే కొలుచుకొనడు. తన విలువకు సాక్ష్యము చెప్పుటకు అతనికి ఇంకొక పుట యున్నది. ఆ పుటను వ్రాయనీయక పిల్లవానిని పరీక్షకు పంపుట తగునా? తల్లిదండ్రులను నేనడుగునది ఇంతమాత్రమే.

పట్టికలో ఏమి వ్రాయవలయునని అడుగుదురేమో. అది నేను చెప్పినచో మరల ఇతరులు వ్రాసిన పట్టికయే యగును. కాని ఒక సూచన చేయవచ్చును. "పొందుదును" అను మాట కంటె "నేర్చుకొందును", "చేయుదును" అను మాటలు పట్టికకు మేలు. "నాకు మంచి సైకిలు కావలయును" అనునది కోరిక. "సైకిలు చక్రమునకు పంక్చరు నేను వేయుదును" అనునది పని. దాని ప్రక్కనే ఈ వారములో వేయదగిన మొదటి అడుగును గూడ వ్రాసికొనవలయును. ఆదివారము ఉదయము వీధి చివరి సైకిలు దుకాణములో గంటసేపు చూచుట అట్టి మొదటి అడుగు. "ఈత నేర్చుకొందును" అని వ్రాసినవాడు ఈత వచ్చిన పెద్దవారిని తోడు తీసికొనక చెరువులో దిగరాదు. ఆ పెద్దవారి నడిగి ఒప్పించుటయే అతని మొదటి అడుగు. పులుసు కాచుట, చొక్కాకు గుండీ కుట్టుట ఆడపిల్లల పట్టికలోనే యుండవలెనను నియమము లేదు. మంగళగిరి, పోచంపల్లి వంటి ఊళ్ల పిల్లల యింటి ప్రక్కనే మగ్గమున్నది; కృత్తికలను, సప్తర్షులను చూచుటకు మిద్దె యెక్కిన చాలును. వీనికి రూపాయి ఖర్చు లేదు.

చిన్న కుతూహలము ఎంత దూరము పోవునో ఎవరును ముందుగా చెప్పలేరు. బొంబాయిలో సలీం అలీ అను బాలుడు ఒక దినమున ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ యుండెను. మామూలు పిచ్చుకకు అట్టి మచ్చ యుండదే యని సందేహించి, దానిని తీసికొని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. అక్కడి కార్యదర్శి మిల్లర్డు అను దొర బాలుని తరిమివేయలేదు. అది ఏ పక్షియో చెప్పి, బీరువాలు తెరచి, కూర్చి పెట్టియున్న పక్షులనన్నిటిని చూపెను. ఆ బాలుడే పెద్దవాడై భారతదేశపు పక్షులను గూర్చి 1941లో ప్రచురించిన గ్రంథము నేటికిని పక్షిప్రియులకు ఆధారముగా నున్నది. దానికి ముందు హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించి వివరములు సేకరించినది గూడ ఆయనయే. ఆనాడు దొర "పోయి పాఠములు చదువుకొనుము" అనియుండినచో ఏమయ్యెడిదో! సందేహముతో వచ్చిన పిల్లవానికి బీరువా తెరచువారు ఊరికి ఒక్కరున్నను చాలును.

వయస్సు మించినదను మాటయు కొంద రందురు. రవీంద్రనాథ ఠాగూరు తన వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను గీతలతో కలుపుచు వింత రూపములు కల్పించెడివాడు. ఆ గీతలు క్రమముగా చిత్రములైనవి. 1861లో జన్మించిన ఆ కవి అరువదియైదేండ్లు దాటిన పిదప చిత్రలేఖనమును శ్రద్ధగా పట్టుకొని, 1930లో పారిస్ నగరమున తన చిత్రములను ప్రదర్శించెను. ఆయన వేసిన చిత్రములు రెండు వేలకు మించినవి. నోబెలు బహుమానము పొందిన కవికి క్రొత్తగా కుంచె పట్టవలసిన అవసరమేమున్నది? అవసరము లేకుండుటయే దానిలోని సొగసు.

అంత పెద్దల సరసన చెప్పదగినది కాదు గాని, నేనును అరువది దాటిన పిదప తమిళ లిపి నేర్చుకొన మొదలిడితిని. మా వీధిలో తమిళము మాటలాడు ఒక యింటి బాలుడు, ఐదవ తరగతివాడు, నాకు గురువు. తమిళమున అచ్చులు 12, హల్లులు 18 మాత్రమే. మన క, ఖ, గ, ఘ లు నాలుగింటికిని అక్కడ ఒక్కటే అక్షరము. సందర్భమును బట్టి పలుకవలయును. నేను ప్రతి చోటను ముందు తెలుగువాని వలె ఆలోచించి ఆగుదును. గురువుగారు విసుగుకొందురు. తిరుపతి బస్సు స్టాండులో తమిళనాడు బస్సులపై వేలూరు, కాంచీపురము, తిరుత్తణి అను పేర్లు ఇప్పుడు చదువగలుగుచున్నాను. పత్రికలో ఒక శీర్షిక చదువుటకు ఇంకను చాలసేపు పట్టును. ఈ సంక్రాంతికి ఒక బాలల కథను పూర్తిగా చదువవలెనని నా పట్టికలో వ్రాసికొంటిని.

బాలబాలికలారా! మీ పాత నోటుపుస్తకములలో వ్రాయని పుట ఒకటి ఎచ్చటనో ఉండును. దానిపై ఏడెనిమిది పంక్తులు వ్రాసికొనుడు, తేదీ వేయుడు. సంవత్సరమున కొకమారు దానిని తీసి, అయినదానికి గుర్తు పెట్టి, మనస్సు మారినదానిని కొట్టివేసి, క్రొత్తది చేర్చుడు. ఇక మా ఉపాధ్యాయ సోదరులతో ఒక మాట. ఇది చదివి, రేపు తరగతిలో ఈ పట్టికను అందరిచేతను వ్రాయించి, దిద్ది, పదికి ఇన్ని మార్కులని వేయు ఆలోచన మీకు రావచ్చును. దయచేసి వేయకుడు. ఆ పుటను మీకు చూపవలెనా, వలదా అనునది పిల్లవాని యిష్టము. చూపినచో చదివి, మీకు తెలిసిన సంగతి ఏదైన నున్న చెప్పుడు. చూపనిచో అడుగకుడు.